బిడ్డ ఫైటర్ పైలట్ అవుతానంటోంది, ఎలా ఆపాలి?

ప్రశ్న: అక్కా, మాది హాలియా పక్కన పల్లె. మా ఆయన నాలుగెకరాల బత్తాయి తోట చూసుకుంటాడు, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా బిడ్డ మిర్యాలగూడలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తా, ఫైటర్ పైలట్ అవుతా అని పట్టుపట్టి కూర్చుంది. 2022లో మా పక్కనే పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి ఒక అమ్మాయి చనిపోయింది. చూసొచ్చిన మా ఆయన మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అదైనా ఉత్త శిక్షణ. ఇక యుద్ధమంటే? ఆపరేషన్ సిందూర్ అప్పుడు మన మహిళా పైలట్ పాకిస్తాన్‌కు చిక్కిందని వాట్సాప్‌లో వస్తే నాకు రాత్రంతా నిద్ర లేదు. ఆడపిల్ల శత్రువు చేతిలో పడితే ఏంగావాలి? అంత వేగానికి ఒళ్ళు తట్టుకుంటుందా? రేపు పిల్లలు పుడతారా? మా అత్తమ్మ ఇప్పటినుంచే సంబంధాలు అంటోంది. దరఖాస్తుకు ఆధార్ కార్డు అడిగితే బియ్యం డబ్బాలో దాచిపెట్టి కనపడట్లేదని చెప్పాను. వెనక బెంచీలో కూర్చుంటే బోర్డు మసకగా ఉంటోందని ఈమధ్య అంటోంది, అదీ ఈ టెన్షన్ వల్లేనేమో. ఆమె మనసు ఎలా మార్చాలో చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, బియ్యం డబ్బా దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. మా అమ్మ నా కాలేజీ అడ్మిషన్ కాగితం కందిపప్పు డబ్బాలో దాచింది. మా ఇంట్లో పప్పు రోజూ వండుతారు కాబట్టి మూడోరోజే నా చేతికి దొరికింది. మీ ఇంట్లో బియ్యం తీసేది ఎవరో నాకు తెలియదు గానీ, ఆ కార్డు ఇప్పటికే మీ బిడ్డ కంట పడి, మీరు ఎప్పుడు బయటపెడతారా అని చూస్తూ ఉండొచ్చు.

మీ భయాలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని నిజం, కొన్ని ఉత్తవి, ఒకటి మాత్రం మీరు భయపడాల్సింది, అయినా భయపడనిది. దాన్ని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో తోసేశారు. దాని దగ్గరికి వస్తాను.

ముందు తుంగతుర్తి. 2022 ఫిబ్రవరి 26న అక్కడ కూలింది పౌర పైలట్ల శిక్షణకు వాడే చిన్న సెస్నా. మీ బిడ్డ మిలిటరీ వద్దు, ప్రయాణికుల విమానం నడుపుతానన్నా ఆ దశ దాటాల్సిందే, మీకు ఆ దిగులు తప్పేది కాదు. అలాగని వైమానిక దళంలో ఏమీ కాదని నేను మాట ఇవ్వను. 2023 డిసెంబర్ 4న దుండిగల్ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలింది. నేర్పే ఆఫీసరు, నేర్చుకునే కేడెట్ ఇద్దరూ పోయారు. ఇద్దరూ మగవాళ్ళే. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణం ఇచ్చిన కల్నల్ సంతోష్ బాబుది మీ పక్క సూర్యాపేటే. ఇప్పుడు ఒక్కమాట అడుగుతాను, మీలో మీరే చెప్పుకోండి. ఇదే కోరిక కొడుకు కోరితే నాకు ఉత్తరం రాసేవారా, లేక ఊళ్ళో స్వీట్లు పంచేవారా?

రాసేదాన్నే అంటే మాత్రం నాకు మీతో పేచీ లేదు. అది తల్లి భయం. రాసేదాన్ని కాదంటే, మీ దిగులు విమానం గురించి కాదు.

యుద్ధంలో ఆడవాళ్ళు విమానాలు నడపడం నిన్నమొన్నటి ఫ్యాషన్ అని మీ అత్తమ్మ అనుకుంటుంటే ఆమెకు ఈ కథ చెప్పండి. 1941లో జర్మన్లు మాస్కో మీదికి వస్తున్నప్పుడు, మరీనా రస్కోవా అనే సోవియట్ పైలట్ పట్టుబట్టి ఆడవాళ్ళతో మూడు వైమానిక రెజిమెంట్లు కట్టించింది. వాటిలో 588వ రాత్రి బాంబర్ రెజిమెంట్‌కు ఇచ్చిన విమానం చూస్తే మీరు దాన్ని విమానం అనరు. పీఓ-2 అని, కర్ర చట్రానికి గుడ్డ బిగించింది. పైన కప్పు లేదు. పైలట్ ముందు సీట్లో, దారి చూసే నావిగేటర్ వెనక సీట్లో, మొహాలకు చలిగాలి కొడుతుండగా పోవాలి. అది మామూలుగా పైలట్లకు పాఠాలు నేర్పడానికీ, చేలకు మందు కొట్టడానికీ వాడే రకం. ఎంత జోరుగా పోయినా గంటకు సుమారు 150 కిలోమీటర్లే. మన బైపాస్ రోడ్డు మీద కొందరు కుర్రాళ్ళు కార్లను అంతకంటే జోరుగా తోలుతారు. జర్మన్ ఫైటర్ విమానం అంత మెల్లగా పోవాలని చూస్తే గాల్లో నిలవలేక పడిపోతుంది. ఆ మెల్లదనమే వీళ్ళకు కొంత రక్ష.

వాళ్ళ పద్ధతి ఇదీ. చీకట్లో లక్ష్యం దాకా పోయి, దగ్గరికి రాగానే ఇంజన్ ఆపేస్తారు. ఇక చప్పుడు లేదు, రెక్కల మధ్య తీగల్లోంచి గాలి ఈల వేసినట్టు వినపడుతుంది, అంతే. అలా జారుతూ వచ్చి బాంబులు వదిలి, మళ్ళీ ఇంజన్ రాజేసుకుని వెనక్కి. కింద నిద్రపోతున్న జర్మన్ సైనికులు వాళ్ళకు పెట్టిన పేరు రాత్రి మంత్రగత్తెలు. ఆ చిన్న విమానం ఎక్కువ బాంబులు మోయలేదు కాబట్టి ఒక్క రాత్రిలో మళ్ళీ మళ్ళీ పోవాలి. కింద మైదానంలో బాంబులు చేతులతో మోసి తగిలించేదీ అమ్మాయిలే. నదేజ్దా పొపోవా అనే ఆమె ఒకే రాత్రి 18 సార్లు పోయొచ్చింది, యుద్ధం మొత్తంలో 852 సార్లు. వేసుకోవడానికి మగవాళ్ళ యూనిఫారాలు, కాళ్ళకు మూడు సైజులు పెద్ద బూట్లు. 1944 దాకా పారాచూట్లు కూడా లేవు.

ఇది చెప్పి మిమ్మల్ని ఉబ్బించాలని కాదు. 1943 జూలై 31 రాత్రి నుంచి తెల్లారేలోపు అదే రెజిమెంట్‌లో నాలుగు విమానాలు కాలిపోయాయి. గుడ్డా కర్రా కదా, మంటకు ఎంతసేపు? ఎనిమిది మంది అమ్మాయిలు. ఆ మర్నాడే, ఆగస్టు 1న, వేరే రెజిమెంట్‌లో ఫైటర్ విమానం నడిపే లిడియా లిత్వ్యాక్ పోయినది తిరిగి రాలేదు. ఆమె వయసు 21. శత్రు విమానాలను కూల్చడంలో పేరు మోసిన పిల్ల. వాళ్ళ తల్లులు కూడా మీలాంటి తల్లులే.

ఇక పట్టుబడటం. మీకొచ్చిన ఆ వాట్సాప్ మెసేజ్ పచ్చి అబద్ధం. ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు అప్పుడే ఖండించారు. చిక్కిందని ఆ మెసేజ్‌లో రాసిన స్క్వాడ్రన్ లీడర్ శివాంగీ సింగ్, 2025 అక్టోబర్ 29న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అంబాలాలో రఫేల్ ఎక్కినప్పుడు ఆమె పక్కనే నిలబడి ఫొటో దిగింది. ఆ ఫొటో మీకు ఎవరూ ఫార్వర్డ్ చేసి ఉండరు. దాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్ళు తక్కువ.

కానీ మీరు అడిగింది మెసేజ్ గురించి కాదు, నిజంగా జరిగితే ఏమిటని. జరిగిన సందర్భాలు ఉన్నాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో రోండా కార్నమ్ అనే అమెరికా సైనిక వైద్యురాలు ఉన్న హెలికాప్టర్‌ను ఇరాక్ కూల్చేసింది. రెండు చేతులూ విరిగి శత్రువుకు చిక్కింది. మీరు ఏ మాట రాయలేక ఆగిపోయారో, అదీ ఆమె మీద జరిగింది. విడుదలయ్యాక కొంతకాలానికి ఆమే ఆ సంగతి బయటికి చెప్పింది. దాన్ని విరిగిన చేతులంత పెద్ద గాయంగా కూడా లెక్కపెట్టలేదు. తిరిగి ఉద్యోగంలో చేరి బ్రిగేడియర్ జనరల్ దాకా ఎదిగింది. నేను ఇది తేలిక విషయమని అనను. అయితే చెల్లెమ్మా, ఆ భయంతోనే ఆడపిల్లను ఇంట్లో ఉంచాలంటే, మిర్యాలగూడ బస్సు కూడా ఎక్కించకూడదు. మీరు రోజూ ఎక్కిస్తున్నారు.

అయినా యుద్ధం, ఆడపిల్ల అనే మాటలు మీ గడ్డకు కొత్తా? తుంగతుర్తి పేరుతో ఉమ్మడి నల్లగొండలో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి మీరు రాసిన పెద్దవూర పక్కది. రెండోది సూర్యాపేట వైపుది, అక్కడి నుంచి మల్లు స్వరాజ్యం రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. ఆమె సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి దళం నడిపినప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. నిజాం సర్కారు ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది. మీ అత్తమ్మ వయసువాళ్ళకు ఆ పేరు నేను చెప్పక్కర్లేదు, ఆమే మీకు చెప్తుంది, అడగండి.

ఒళ్ళు తట్టుకుంటుందా అన్నది మంచి ప్రశ్న, ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. బస్సు మలుపు తిరిగితే మనం పక్కకు ఒరుగుతాం కదా, ఫైటర్ జెట్ గట్టిగా తిరిగినప్పుడు అదే ఒత్తిడి ఒంటి బరువుకు తొమ్మిది రెట్ల దాకా పోతుంది. 55 కిలోల పిల్ల ఆ క్షణాన దాదాపు 500 కిలోలు తూగుతుంది. చెయ్యి ఎత్తడం కష్టం, హెల్మెట్‌తో ఉన్న తల మెడ మీద బండరాయి. నెత్తురంతా కాళ్ళలోకి దిగిపోయి మెదడుకు అందదు, ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు, తర్వాత స్పృహ. అందుకని కాళ్ళకు, పొట్టకు బిగుసుకునే జీ-సూట్ వేస్తారు. గాలి నిండగానే అది తొడలను పిసికి నెత్తుర్ని పైకి నెడుతుంది. దాంతోపాటు కాళ్ళు, పొట్ట కండరాలు బిగబట్టి, ఊపిరిని ఆపి ఆపి వదిలే పద్ధతి నేర్పుతారు. ఇదంతా అలవాటుతో, కసరత్తుతో వచ్చేది. ఈ ఒత్తిడిని తట్టుకోవడంలో ఆడ మగ తేడా లెక్కలోకి వచ్చేంత లేదని అమెరికా వైమానిక దళం 1980ల్లోనే పరీక్షించి తేల్చుకుంది. పైగా గుండెకు మెదడుకు మధ్య దూరం తక్కువైతే నెత్తురు ఎక్కడం సులువు, కాబట్టి మరీ పొడుగు మనిషికంటే కాస్త పొట్టి మనిషికే ఇక్కడ కొంత మేలు.

2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద కిమ్ క్యాంప్‌బెల్ అనే అమెరికా పైలట్ నడుపుతున్న ఏ-10 విమానానికి కింద నుంచి దెబ్బ తగిలింది. విమానం రెక్కలను, తోకను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థ మొత్తం పోయింది. పవర్ స్టీరింగ్ చచ్చిపోయిన లారీని ఘాట్ రోడ్డు మీద తోలడం ఎలాగుంటుందో మీ ఊళ్ళో లారీ డ్రైవర్ ఎవరినైనా అడగండి. అలాంటి విమానాన్ని, ఉత్త ఇనుప తీగలతో పనిచేసే అత్యవసర పద్ధతిలో, ఆమె తన చేతుల బలంతో స్థావరం దాకా తెచ్చి దింపింది. ఆమెకు తర్వాత ఇద్దరు కొడుకులు. ఇందాకటి 852 సార్ల పొపోవా యుద్ధంలో పరిచయమైన పైలట్‌నే పెళ్ళి చేసుకుంది. వాళ్ళ కొడుకు కూడా వైమానిక దళంలోనే జనరల్ అయ్యాడు. పిల్లలు పుడతారా అన్నదానికి ఇంతకంటే జవాబు ఎందుకు? గర్భంతో ఉన్నప్పుడు విమానం ఎక్కనివ్వరు, ప్రసవం తర్వాత డాక్టర్లు చూసి సరేనంటే మళ్ళీ ఎక్కుతారు.

నాకు ఈ చరిత్రలో కోపం తెప్పించేది చావులు కాదు, ఆ తర్వాత జరిగింది. యుద్ధం అయిపోయింది, 1945 అక్టోబర్‌లో ఆ రెజిమెంట్‌ను రద్దు చేసి అమ్మాయిల్ని ఇంటికి పంపేశారు. 23 మందికి సోవియట్ వీర బిరుదులిచ్చారు, మంచిదే, విమానం మాత్రం ఇవ్వలేదు. అమెరికాలో అదే కాలంలో వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు వాస్ప్ పేరుతో యుద్ధ విమానాలను ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు చేరవేశారు, 38 మంది ప్రాణాలు పోయాయి. సైనికులుగా లెక్కించలేదు కాబట్టి సైనిక లాంఛనాలు లేవు. వాళ్ళను మాజీ సైనికులుగా గుర్తించడానికి 1977 దాకా పట్టింది. అవసరానికి పిలిచి, అవసరం తీరాక వంటింటికి పొమ్మనడం మన ఇళ్ళలోనూ చూస్తూనే ఉన్నాం, కాదా?

మన దగ్గర మాత్రం తలుపు ఈ మధ్యే తెరిచారు, ఇంకా మూయలేదు. 1994 నుంచి హెలికాప్టర్లు, రవాణా విమానాలు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లతో యుద్ధ ప్రాంతం మీద ఎగిరారు. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ విభాగంలోకి వచ్చారు, అదీ ఎక్కడో కాదు, మన దుండిగల్ మైదానంలోనే. అది మొదట ప్రయోగం కింద పెట్టిన ఏర్పాటు, 2022లో శాశ్వతం చేశారు. ఎన్డీఏలోకి అమ్మాయిలను రానిచ్చింది సుప్రీంకోర్టు చెప్పాక, 2021 నవంబర్ పరీక్షతో.

ఇప్పుడు ఆ పరీక్ష సంగతే చూడండి. ఆ మొదటిసారి అమ్మాయిలే 1.77 లక్షల మంది దరఖాస్తు పెట్టారు. సీట్లు 19. వాటిలో వైమానిక దళానికి 6. చెల్లెమ్మా, మీ బిడ్డను ఆపడానికి మీరు కష్టపడక్కర్లేదు. ఆపే గేట్లు అక్కడ వరసగా ఉన్నాయి. రాత పరీక్ష 900 మార్కులు, అయిదు రోజుల ఇంటర్వ్యూ 900. పైలట్ కావాలంటే కంప్యూటర్ మీద ఒక ఎంపిక పరీక్ష ఉంటుంది, అది జీవితంలో ఒక్కసారే, తప్పితే ఫ్లయింగ్‌కు మళ్ళీ అవకాశం లేదు. తర్వాత మెడికల్. ఇన్ని గేట్ల ముందు అమ్మ కూడా ఒక గేటుగా నిలబడాలా? వాళ్ళు ఆపితే రెండేళ్ళు బాధపడుతుంది. మీరు ఆపితే మీ మీద కోపం మీరున్నన్నాళ్ళూ ఉంటుంది. మా పప్పు డబ్బా సంగతి నాకు ఇప్పటికీ గుర్తుందంటే మీరే ఆలోచించండి.

ఇక ఆ బోర్డు మసక. దూరం వస్తువు మసకగా, దగ్గరది స్పష్టంగా కనపడితే దాన్ని హ్రస్వదృష్టి అంటారు, కళ్ళ డాక్టర్లు మయోపియా అంటారు. ఫ్లయింగ్‌కు అది పనికిరాదు. మీరు టెన్షన్ అనుకుని వదిలేసినదే మీ బిడ్డ భవిష్యత్తును తేల్చే వాక్యం. అదీ గాక ఎత్తు దాదాపు 163 సెంటీమీటర్లు, అయిదడుగుల నాలుగంగుళాలు ఉండాలి. కాళ్ళ పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో పట్టాలి కదా. ఆ ఏటి నోటిఫికేషన్‌లో కొలతలన్నీ ఉంటాయి, మీ బిడ్డనే చదివి వినిపించమనండి.

పాలమూరులో నా దగ్గర చదివిన కల్వకుర్తి వైపు పిల్ల ఒకతె ఉండేది. డిగ్రీ అయ్యాక వైమానిక దళం ఆఫీసర్ల కోసం పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష రాసి మైసూరు బోర్డు ఇంటర్వ్యూ గెలిచింది. మెడికల్‌లో ఎత్తు సెంటీమీటరున్నర తక్కువని ఫ్లయింగ్ నుంచి తీసేశారు. ఇంటికొచ్చి తలుపేసుకుని రెండు రోజులు పడుకుంది. ఆ సెంటీమీటరున్నర ఇంట్లో గోడకు నిలబెట్టి టేపుతో కొలిస్తే మూడేళ్ళ ముందే తెలిసేది, నేను కూడా కొలవమని చెప్పలేదు, నా తప్పూ ఉంది. మళ్ళీ రాసి గ్రౌండ్ డ్యూటీకి పోయింది. ఇప్పుడు కంట్రోల్ టవర్‌లో కూర్చుని ఫైటర్లకు రన్‌వే ఇస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు, మేడం, వాళ్ళు నా మాట వినకపోతే దిగలేరు తెలుసా అంది.

అందుకని మీ బిడ్డ చదువు మానకుండా, ఇంటర్ మార్కులు పోకుండా పరీక్ష రాయనివ్వండి. అమ్మాయిలకు ఫీజు కూడా లేదు. ఎన్డీఏ అందకపోతే డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ ఉంది. భువనగిరిలో సైనిక ఉద్యోగాలకు సిద్ధం చేసే గురుకుల మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, దాని వివరాలు కనుక్కోండి. హైదరాబాద్‌లో లక్షలు తీసుకుని గ్యారంటీ అనే కోచింగ్‌ల జోలికి మాత్రం పోకండి, తోట అమ్మే పరిస్థితి తెచ్చుకోకండి.

అత్తమ్మకు ఒక్కటే మాట చెప్పండి. ఎన్డీఏకు పోవాలంటే పెళ్ళి కాకుండా ఉండాలి, శిక్షణ అయ్యేదాకా చేసుకోకూడదు, అది సర్కారు నిబంధన. మీ మాటంటే వినకపోవచ్చు, సర్కారు మాటంటే ఆ తరం వింటుంది. మీ ఆయన్ని మాత్రం విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆ తుంగతుర్తి పొలంలో ఆయన చూసింది ఇప్పటికీ ఆయన కళ్ళలో ఉంది, మీ ఉత్తరంలో సగం భయం ఆయనదే అనిపించింది నాకు. ఒకరోజు ఆ సంగతి ఆయన నోటితో బిడ్డకే చెప్పనివ్వండి. అంతా విన్నాక కూడా పోతానంటే, తెలియక పోతోందని మీరు అనుకోనక్కర్లేదు.

ఈ ఆదివారం గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి, చెప్పులు లేకుండా, పొద్దున పూట. సోమవారం నల్లగొండలో మంచి కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, దూరం చూపూ, రంగుల గుర్తింపూ రెండూ పరీక్ష చేయించండి. డాక్టర్ రాసిన అంకెలు నాకు పంపండి, వాటిని బట్టి మిగతాది రాస్తాను. ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడు ఆధార్ అడగొచ్చు. బియ్యం డబ్బాలోంచి తీసి, పిండి దులిపి, బిడ్డ చేతికే ఇవ్వండి.